వేప మొద్దులో ఏడో మేకు

కామారెడ్డి స్టేషన్ రోడ్డులో ఒక చిన్న ఎలక్ట్రానిక్ సామాన్ల దుకాణంలో నన్ను చూసి నలుగురు నవ్విన రోజు ఇంకా గుర్తుంది. ఇనుము ఎక్కడుందో మోగి చెప్పే చేతి మిషన్ కావాలని అడిగాను. పరీక్షల దగ్గర, పెద్ద షాపుల దగ్గర మనుషుల ఒంటిమీద తిప్పుతారే, అదే. దుకాణం అతను పెట్టెలోంచి తీసి, బ్యాటరీ వేసి, పనిచేస్తుందని చూపించడానికి నా వైపే తిప్పాడు. భుజం దగ్గర కుయ్యిమంది, అక్కడ పిన్నీసు. మెడ దగ్గర కుయ్యిమంది, అక్కడ పుస్తెలు. నడుము దగ్గరికి వచ్చేసరికి ఆగకుండా మోత పెట్టింది, అక్కడ మా కట్టెకోత సామిల్లు తాళాల గుత్తి.

"అక్కా, గీ మిషన్ నీ మీదనే అలిసిపోయెటట్టున్నది" అన్నాడు. ఫ్యాన్ బాగు చేయించుకోవడానికి వచ్చినవాళ్లు పగలబడి నవ్వారు.

నాకు కోపం ముక్కు మీదే ఉంటుంది. "నవ్వుడు తర్వాత. చెట్టు లోపట ఇనుప మొల ఉంటె చెప్తదా, చెప్పదా?" అన్నాను. మా దగ్గర మేకును మొల అంటాం. అతను నవ్వు ఆపి, చెట్టు లోపల మేకు ఎందుకుంటుందని అడిగాడు. నేను మా ఆయన చెవి సంగతి చెప్పాను.

మాది ఎల్లారెడ్డిలో చిన్న సామిల్లు. రేకుల షెడ్డు, ఒక బ్యాండ్ రంపం, మొద్దును రంపం మీదికి తోసే ఇనుప ట్రాలీ, బయట ఎండలో మొద్దుల కుప్ప. కోత మా ఆయనది. కొలతలు, గుర్తులు, వచ్చినవాళ్లతో వాదన నావి. అడవి కట్టె మా దాకా రావడం తక్కువ. వచ్చేవన్నీ ఇండ్ల ముందరి వేపలు, పొలం గట్ల మీది తుమ్మలు, రోడ్డు పక్క చింతలు. నాకు భయం వీటితోనే. అడవి చెట్టుకు ఎవరూ ఏమీ కొట్టరు. ఇంటి చెట్టు కనబడితే మాత్రం మనిషికి చెయ్యి ఊరుకోదు. చేట తగిలించడానికి ఒకటి, బట్టల తాడుకు ఒకటి, ట్యూషన్ సెంటర్ బోర్డుకు నాలుగు. కొట్టినవాళ్లు మరిచిపోతారు. చెట్టు దానిమీద బెరడు కప్పేసి లోపల పెట్టుకుంటుంది. పైనుంచి చూస్తే నున్నగా, అమాయకంగా ఉంటుంది.

పోయిన ఎండాకాలం అలాంటి అమాయకపు చింత మొద్దు ఒకటి వచ్చింది. కోత సగంలో టప్‌మని చప్పుడు. బ్లేడు తెగి, ఒక ముక్క మా ఆయన కుడి చెవి పైభాగాన్ని కోసుకుంటూ పోయి వెనక రేకులో దిగింది. ఐదు కుట్లు పడ్డాయి. "ఇంకో రెండు వేళ్లు ఇవతలికి వచ్చి ఉంటే" అని డాక్టరు అక్కడికే ఆగిపోయాడు. ఆయన అనకుండా వదిలేసిన మాట నాతో పాటు ఇంటికి వచ్చింది, మంచంలో కూడా నా పక్కనే పడుకుంది. మా ఆయనకు అవేమీ పట్టవు. మూడో రోజు కట్టు కట్టిన చెవితోనే రంపం ముందు నిలబడ్డాడు. నేను బస్సెక్కి కామారెడ్డి పోయాను.

మిషన్ కొనడం సులువే, దానితో కాపురం చేయడమే కష్టం. మొదటివారం అన్నింటికీ మోగింది. ట్రాలీ దగ్గర పెడితే మోగింది, గడ్డపార పక్కనుంటే మోగింది, చివరికి నా వేలి ఉంగరానికీ మోగింది. మెల్లగా ఒక పద్ధతి కుదిరింది. ముందు రంపం మెయిన్ స్విచ్ తీసేయాలి. చూస్తున్నంతసేపు షెడ్డు తాళాలు నడుముకు కాకుండా దూరంగా మేకుల డబ్బాలో ఉండాలి. మొద్దును ట్రాలీ మీద కాదు, నేలమీద రెండు కట్టె దిమ్మెల మీద పెట్టాలి. గడ్డపార, గొడ్డలి, సుత్తె పది అడుగుల అవతల ఉండాలి. ఉంగరం, పిన్నీసులు తీసేయాలి. పుస్తెలతాడు వీపు వైపు వేసుకొని జాకెట్టులో దోపాలి. గాజు గాజులతో ఇబ్బంది లేదు. మిషన్‌ను బెరడుకు తగిలీ తగలనట్టు పట్టుకొని, గోడకు సున్నం వేసినట్టు ఒక పట్టీ మీదికి ఇంకో పట్టీ వచ్చేలా నిదానంగా తిప్పాలి. మోగినచోట సుద్దతో గుండ్రం చుట్టాలి. ఒకవైపు అయ్యాక మొద్దును దొర్లించి మళ్లీ మొదలుపెట్టాలి. మేకు తీసేటప్పుడు కళ్లద్దాలు లేకుండా ఉలి ముట్టుకోకూడదు.

రోజూ పని మొదలుపెట్టే ముందు మిషన్‌ను పరీక్షించడానికి ఒక చెక్క కూడా చేసుకున్నాను. దానికి ఒకవైపు మేకు పైపైనే ఉంటుంది, రెండో వైపు నుంచి నాలుగు వేళ్ల లోతు. ఆ లోతు వైపు నుంచి కూడా మోగితేనే మిషన్ బాగున్నట్టు. ఇవన్నీ అయ్యాక మా ఆయన మెయిన్ దగ్గర నిలబడి అడుగుతాడు, "కొయ్యాల్నా?" అని. నేను "కొయ్యి" అనేదాకా స్విచ్ మీద చెయ్యి వేయడు. పెళ్లయినప్పటి నుంచి నా మాట ఆయన అంత శ్రద్ధగా విన్నది ఈ ఒక్క విషయంలోనే. అందుకని నాకు ఆ మాట చాలా ఇష్టం.

అన్నీ తీసేశాను కానీ ఒకటి తీయలేదు. మెట్టెలు.

మొద్దు దిమ్మెల మీద ఉంటే నేలకు జానెడు ఎత్తులో ఉంటుంది. దాని కింది భాగం చూడాలంటే నా పాదాలు పక్కనే ఉంటాయి. మిషన్ అక్కడికి రాగానే మెట్టెలకు మోగుతుంది. మొదట్లో రోజుకు పదిసార్లు లేని మేకు కోసం మా ఆయనతో ఉలి పట్టించాను. ఆయన చెక్కి చెక్కి, "నీ కాలివేళ్లను గూడ చెక్కుమంటవా?" అని వెక్కిరించాడు. మెట్టెలు తీసి పక్కన పెడితే సరిపోయేది. కానీ పెళ్లినాడు మా అమ్మ చెప్పిన మాట చెవిలో ఉంది: మొగుడు బతికుండగా ఆడది మెట్టెలు తీయకూడదు, ఆయనకు మంచిది కాదు. పుస్తెలతాడునైనా వెనక్కి దోపుకోవచ్చు, అది ఒంటిమీదే ఉంటుంది. మెట్టెలతో ఆ వీలు లేదు. నవ్వుకుంటే నవ్వుకోండి, ఇరవై రెండేళ్లలో కాన్పుల ఆసుపత్రిలో తప్ప అవి నా వేళ్లను వదలలేదు.

అందుకని ఒకరోజు నేనొక తెలివైన పని చేశాను. మిషన్ పిడి కింద చిన్న రంధ్రంలో ఒక స్క్రూ ఉంటుంది. దాన్ని ఇటు తిప్పితే మిషన్ చురుకు పెరుగుతుంది, అటు తిప్పితే తగ్గుతుంది. అటు తిప్పాను. మెట్టెల గోల ఆగిపోయింది. పరీక్ష చెక్కకు పైపై మేకు వైపు పెడితే శుభ్రంగా మోగింది. లోతు వైపు పెడితే మోగలేదు. ఆ రోజు నుంచి లోతు వైపు పెట్టి చూడడం మానేశాను. ఎందుకు మానేశానో నాకు లోపల తెలుసు. పైకి మాత్రం మిషన్ ఇప్పుడు దారికి వచ్చిందని మా ఆయనకు చెప్పాను.

అలా రెండు నెలలు గడిచాక ఒక అవ్వ వచ్చింది.

ట్రాక్టర్ ట్రాలీలో వేప మొద్దు, మొద్దు మీద ఆమె. డెబ్బై దాటి ఉంటాయి. సన్నటి మనిషి, ముతక నూలు చీర, చేతులకు, మెడకు, కాళ్లకు ఏమీ లేవు. ట్రాక్టర్ నడిపింది ఆమె కొడుకు. ఎల్లారెడ్డికి దగ్గరి పల్లె వాళ్లది. పాత ఇల్లు తీసి కొత్తది కడుతున్నారట, వేప అడ్డం వచ్చిందట. కొత్త ఇంటి దర్వాజ, అంటే ద్వారబంధం, ఆ కట్టెతోనే చేయించాలనే ఒప్పందం మీద అవ్వ చెట్టు కొట్టనిచ్చిందట. "మా అవ్వకు ఆ చెట్టంటె పానం అక్కా, మొద్దును ఒక్కదాన్నే తోలియ్య అన్నది, తనే మీద కూసోని వచ్చింది" అన్నాడు కొడుకు. మా దగ్గర తల్లిని కూడా అవ్వ అనే పిలుస్తారు.

దిగీ దిగగానే ఆమె మొద్దు మీద చెయ్యి వేసి, "ఏడు మొలలున్నయ్ బిడ్డా, ఏడు తీసినంకనే కొయ్యుండ్రి" అంది.

ఇంతవరకు నా దగ్గరికి వచ్చినవాళ్లందరూ ఒకటే మాట అంటారు, మా చెట్టుకు ఒక్క మేకు కూడా లేదని. తర్వాత గుప్పెడు తీస్తాం. లెక్కతో వచ్చినది ఈ అవ్వ ఒక్కతే. ముచ్చటేసింది. మెయిన్ తీయించి, తాళాలు డబ్బాలో వేసి, మొద్దును దిమ్మెల మీదికి దొర్లించి మొదలుపెట్టాను.

మొదటిది అరగంటలోనే దొరికింది. మా ఆయన కళ్లద్దాలు పెట్టుకొని బెరడు చెక్కి, పట్టకారుతో లాగాడు. అవ్వ దాన్ని అరచేతిలో వేసుకొని చూసి, "గిది అద్దంది. మా ముసలాయన గడ్డం గీసుకుంటుండె" అంది. రెండోది కందిలి, అదే లాంతరు, తగిలించేది. మూడోది కొడవలిది. నాలుగు, ఐదు బట్టల తాడువి. ఆరోది ఎవరో ఓట్లప్పుడు బోర్డుకు కొట్టినది, దాన్ని చూసి మాత్రం అవ్వ మూతి తిప్పింది. మేకు వచ్చినప్పుడల్లా ఆమె ఒక్కో మాట చెబుతూ ఉంటే పని చేస్తున్నట్టే అనిపించలేదు. మా ఆయన కూడా తీరికగా నవ్వుతూ తీశాడు.

ఏడోది దొరకలేదు. మొద్దును ఇంకోసారి తిప్పాను. మళ్లీ పైనుంచి కిందికి, కిందినుంచి పైకి. కుయ్యి లేదు, కయ్యి లేదు.

"ఆరే ఉన్నయ్ అవ్వా."

"ఏడు బిడ్డా."

"మిషన్ అబద్ధం చెప్పది అవ్వా" అన్నాను, కొంచెం గట్టిగానే.

"మరి నేను చెప్తనా?" అంది ఆమె, అంతకంటే నెమ్మదిగా.

ఎండ ఎక్కుతోంది. నాకు విసుగొచ్చింది. ముసలామెకు ఒకటి ఎక్కువ గుర్తుండి ఉంటుందిలే అనుకున్నాను. ఆమె కొడుకు కూడా, "యాదిమరిచినవేమో అవ్వా" అన్నాడు. మొద్దును ట్రాలీ మీదికి ఎక్కించారు. మా ఆయన మెయిన్ దగ్గరికి పోయి ఎప్పటిలాగే అడిగాడు, "కొయ్యాల్నా?" నేను నోరు తెరిచాను కూడా. అవ్వ చటుక్కున వెళ్లి ట్రాలీ మీది మొద్దు మీద కూర్చుంది.

"కొయ్యి కొడుకా. నా మీదికెళ్లి కొయ్యి" అంది.

మా ఆయన నవ్వి, స్విచ్ దగ్గరినుంచి ఇవతలికి వచ్చాడు. అవ్వ దిగి, మొద్దు మొదలు దగ్గర మోచెయ్యి ఆనించి కొలవడం మొదలుపెట్టింది. "కొట్టినప్పుడు జానెడు మోడు భూమిల ఉండిపాయె. నా మొల నిలబడితె ఎదురురొమ్ముకు ఉంటుండె." చెట్టు పెరిగితే మేకు కూడా పైకి పోతుందని చాలామంది అనుకుంటారు. పోదు. కొట్టిన ఎత్తులోనే ఉంటుంది, లోపలికి మునుగుతుంది. ఆ సంగతి ఆమెకు తెలుసు. ఒక మూర, రెండు మూరలు, ఇంకా కొంచెం. ఒకచోట బొటనవేలు నొక్కిపెట్టి, "గీడ" అంది. బెరడు మీద చిన్న సుడి తప్ప అక్కడేమీ లేదు.

మా ఆయన మిషన్ తీసుకొని పరీక్ష చెక్క దగ్గరికి పోయాడు. పైపై వైపు పెట్టాడు, మోగింది. చెక్క తిప్పి లోతు వైపు పెట్టాడు. మోగలేదు. రెండోసారి పెట్టాడు. తర్వాత పిడి కింద స్క్రూ చూశాడు.

"గిదెవరు తిప్పిండ్రు?"

అబద్ధమాడవచ్చు. దుకాణంవాడి మీదికి తోసేయవచ్చు. కానీ చెవి మీది ఆ మచ్చ నా వైపే ఉంది. "నేనే. మెట్టెలకు మోగుతున్నదని" అన్నాను. ఆయన స్క్రూ మొత్తం ఇటు తిప్పి, లోతు వైపు మోగించి చూసి, మిషన్ నా చేతికిచ్చాడు. అరిచి ఉంటే నాకు బాగుండేది.

మొద్దును మళ్లీ దింపారు. అవ్వ చూపించిన సుడి దొర్లి కింది వైపుకు వచ్చింది. మళ్లీ దొర్లించేదాకా ఆగలేక నేను వంగగానే మోత. మెట్టెలకో, మేకుకో తెలియదు. కాళ్లు వెనక్కి పెట్టి వంగితే చెయ్యి అందడం లేదు. మళ్లీ మోత. అప్పుడు అవ్వ చెయ్యి చాపింది.

"ఇటియ్యి బిడ్డా. నా ఒంటిమీద ఏం లేవు కద, నాకైతె మోగది."

ఆమె ఆ మాట బాధగా అనలేదు. నీళ్ల బిందె నేను పట్టుకుంటాలే అన్నట్టు అంది. ఆమె మిషన్ పట్టుకొని, నేను చేసినట్టే నిదానంగా, ఒక పట్టీ మీదికి ఇంకో పట్టీ వచ్చేలా తిప్పింది. నేను చేస్తుంటే అంత శ్రద్ధగా చూసిందని అప్పుడు అర్థమైంది. మిషన్ నిశ్శబ్దంగా ఉంది. సుడి దగ్గరికి వచ్చింది. కుయ్యిమంది. పక్కకు తీసింది, ఆగింది. మళ్లీ పెట్టింది, కుయ్యిమంది.

మొద్దును దొర్లించి మా ఆయన చాలాసేపు చెక్కాడు. నాలుగు వేళ్ల లోతున నల్లగా కనబడింది. అది మేకు కూడా కాదు, బొటనవేలంత లావు ఇనుప కొక్కెం. ట్రాలీ ఎక్కించాక మొద్దు కొసన నేను సుద్దతో గీసిన మొదటి కోత గీత సరిగ్గా దాని మీదికే వస్తోంది. రంపం దానికి తగిలి ఉంటే ఏమయ్యేదో షెడ్డు రేకులో ఉన్న పాత చిల్లు చెబుతుంది.

"తొట్టెల కొండి" అంది అవ్వ, కొక్కేన్ని చీర కొంగుతో తుడుస్తూ. "తాడు ఒక కొస దీనికి, ఇంకో కొస ఇంటి గుంజకు. నలుగురిని ఊపిన. గీడు ఆఖరోడు, ఎంత ఊపినా పండకపోతుండె." నలభై దాటిన ఆ కొడుకు సిగ్గుపడి ట్రాక్టర్ టైరు చూడసాగాడు. అందరం నవ్వాం. నాకు నవ్వూ ఏడుపూ ఒకేసారి వచ్చాయి.

ఇంకా మొద్దు మొత్తం చురుకు పెంచిన మిషన్‌తో మళ్లీ చూడాలి. అవ్వ చేతులు అప్పటికే అలిసిపోయాయి. ఎవరో ఒకరు చేస్తారులే అని కూర్చునే పని కాదిది, "కొయ్యి" అనాల్సింది నేను. రంపానికి రాసే గ్రీజు డబ్బా తెచ్చుకొని కింద కూర్చున్నాను. ఇరవై రెండేళ్ల మెట్టెలు, సులువుగా వస్తాయా. వేలికి గ్రీజు పూసి తిప్పి తిప్పి లాగితే ఒకటి వచ్చింది, తర్వాత రెండోది. వాటి కింద వేళ్లు తెల్లగా, పసిపిల్లల వేళ్లలా ఉన్నాయి. మా ఆయన చూస్తూ నిలబడ్డాడు, వద్దనలేదు.

"అవ్వా, ఇవి పట్టుకో."

ఆమె రెండు చేతులూ వెనక్కి పెట్టుకుంది. "నా చేతికియ్యకు బిడ్డా. ముత్తయిదువ మెట్టెలు, మంచిది గాదు. ఆ డబ్బాల వెయ్యి."

"నా మొగడు గిట్ల నిలబడ్డడంటె నువ్వు మొద్దు మీద కూసున్నందుకే అవ్వా. నీ చేతికి గాకుంటె ఇంకెవరి చేతికిస్త?"

ఆమె నా మొహం చూసింది. తర్వాత కుడి అరచెయ్యి కొంగుకు తుడుచుకొని చాపింది. రెండు మెట్టెలూ అందులో పెట్టాను. ఆమె పిడికిలి మూసి, అంత దూరం పోయి షెడ్డు గుంజకు ఆనుకొని నిలబడింది. నేను మొద్దు మొత్తం, నాలుగు వైపులా, ఒక్క అంగుళం వదలకుండా చూశాను. ఎక్కడా మోగలేదు. ఈసారి ఆ నిశ్శబ్దాన్ని నమ్మాను. అయినా అవ్వ వైపు తిరిగి, "ఇంకేమన్న ఉన్నయా?" అని అడిగాను.

"లేవు. ఏడే."

"కొయ్యాల్నా?" అన్నాడు మా ఆయన.

"కొయ్యి."

వేప కట్టె చేదు వాసన షెడ్డంతా నిండింది. పలకలు ఒకదాని తర్వాత ఒకటి నున్నగా, ఎర్రగా పడ్డాయి. దర్వాజకు కావలసినవన్నీ వచ్చాయి, తలుపులకు కూడా మిగిలింది. కోత జరిగినంతసేపూ అవ్వ కదలలేదు, కూర్చోమన్నా కూర్చోలేదు.

రంపం ఆగాక నేను చెయ్యి చాపాను. ఆమె నాకివ్వలేదు. మా ఆయన దగ్గరికి పోయి పిడికిలి తెరిచింది. ఎంత గట్టిగా పట్టుకుందో, అరచేతిలో రెండు గుండ్రాలు అచ్చు పడి ఉన్నాయి.

"నావి తీసిన్నాడు నన్నెవ్వరు అడగలేదు కొడుకా" అంది. "ఇది నీ కోసం తన చేతులతోని తీసింది. పెండ్లినాడు పెట్టినోనివి, మళ్ల నువ్వే పెట్టు."

మా ఆయన ఆమె కొడుకు వైపు చూశాడు, నా వైపు చూశాడు, తప్పదని తెలిసి నా ముందు గొంతుకూర్చున్నాడు. ఒకటి పెట్టాడు. రెండోది తలకిందులుగా పెట్టబోతే, "పెండ్లినాడు గూడ గిట్లనే పెట్టినవ్" అన్నాను. అవ్వ నోటికి కొంగు అడ్డం పెట్టుకొని నవ్వింది. ఆయన తల వంచుకొని సరిచేసి పెడుతున్నాడు. కుట్లు పడిన ఆ చెవి సరిగ్గా నా కళ్ల కింద ఉంది, దానిమీద వేప పొట్టు పడి ఉంది. నేను వంగి మెల్లగా ఊదాను.